మసి పూయని ఆకు

అన్యాయం జరిగింది ఇన్నాసమ్మకి. జరిగింది నందన కరువులో. అంటే దొరల లెక్కన పద్దెనిమిది వందల ముప్పైమూడు మొదట్లో.

ఆమె చచ్చిపోయింది. చావు అన్యాయం కాదు, ఆ ఏడు చావు తొక్కని గడప ఎక్కడుంది గనక! నల్లరాతిపాడు మరియమ్మ గుడిలో పోయిన ప్రతి మనిషి పేరూ తాటాకు మీద రాసిపెట్టే ఆచారం ఉండేది. ఈమె పేరు మాత్రం రాయకూడదని ఊరి పెద్దమనుషులు నలుగురు కూర్చుని తేల్చేశారు. అదీ అన్యాయం.

ఆ నలుగురికీ పేర్లున్నాయి. నాకు తెలుసు. నేను రాయను.

యాభై ఏళ్ళు గడిచాయి. ఆ నలుగురూ ఒకరి వెనక ఒకరు మట్టిలో కలిశారు. వాళ్ళ పేర్లు మాత్రం ఆకుల్లో గుండ్రంగా, నల్లగా, ముచ్చటగా ఉన్నాయి.

ఆ గుడికి స్వాములవారు ఏడాదికి ఒకటి రెండుసార్లు గుర్రమ్మీద వచ్చి పూజ చేసి వెళ్ళేవారు. మిగతా రోజులన్నీ గుడిని నడిపేది ఉపదేశి. జపాలు చెప్పించడం, ప్రాణం మీదికొచ్చిన పసిబిడ్డకి జ్ఞానస్నానం ఇవ్వడం, చావుకి గంట కొట్టడం, ఆకులు రాయడం, అన్నీ ఆయన పనే. అప్పటికి ఉపదేశి రాయప్ప. డెబ్భై దాటాయి. కళ్ళల్లో పొర. అయినా ఆకు చేతికిస్తే బొటనవేలు మెల్లగా దాని మీద నడిపిస్తూ తడుముకోకుండా చదివేవాడు.

ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాడు బాలశౌరి. పట్నం బడిలో చదివాడు. ఇనప ములికి ఉన్న కలంతో రాస్తాడు. అక్షరం ముత్యం. ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలుసు.

ఆ ఏడు పెద్ద స్వాములవారి నుంచి ఉత్తరం వచ్చింది. చెదపురుగులకి ఆకులు మేపింది చాలు, గుడి ఆకులన్నీ కాయితం పుస్తకంలోకి ఎక్కించండి, ఎక్కించాక ఆకుల్ని ఏట్లో కలపండి అని. ఉన్నది ఉన్నట్టు ఎక్కించాలి. ఆకులో లేనిది ఒక్క అక్షరం చేరకూడదు.

బాలశౌరి పొంగిపోయాడు. ఇది తన కోసమే వచ్చిన పని.

పెట్టె తెరిస్తే వసకొమ్ముల వాసన. ఆకు మీద ఆకు దొర్లిస్తుంటే, ఎక్కడో దూరాన వాన బయల్దేరిన చప్పుడు. గుడి గోడలు సున్నం తెలుపు. ఎండ కిటికీలోంచి దిగి, నేల మీద నడిచి, అవతలి గోడెక్కి వెళ్ళిపోయేది. ఆ లోపల ఎంతమంది వచ్చేవాళ్ళో! పుట్టినవాళ్ళు, పెళ్ళాడినవాళ్ళు, పోయినవాళ్ళు. నూరేళ్ళ జనం వరుసగా వచ్చి, తన బల్ల ముందు నిలబడి, పేరు చెప్పి, మారు మాట్లాడకుండా పక్కకి తప్పుకుంటున్నట్టుండేది. ఒక్కోసారి బాలశౌరి తలెత్తి చూసేవాడు. పావురాలు తప్ప ఎవరూ ఉండేవాళ్ళు కాదు.

చావు ఆకుల్లోకి వచ్చాక చిక్కొచ్చింది.

నవంబరు రెండో తారీఖు ఆత్మల పండగ. ఆ పొద్దున ఉపదేశి చావు ఆకులన్నీ చదువుతాడు. ఎవరి పేరు వస్తే వాళ్ళ మనుషులు లేచి వెళ్ళి, పీఠం ముందున్న ఇసక తొట్టిలో కొవ్వొత్తి వెలిగించి గుచ్చుతారు. పేరు రానిదే వత్తి వెలిగించకూడదు. అది అక్కడి కట్టడి. పోయినేడు బాలశౌరి చెవులారా విన్నాడు. కరువు ఏటి ఆకుల్లో రాయప్ప 'జోజయ్య, వడ్రంగి' అన్నాడు. తర్వాత 'ఇన్నాసమ్మ' అన్నాడు. ఆ తర్వాత 'చిన్నప్ప' అన్నాడు.

ఇప్పుడు ఆకుల్లో చూస్తే జోజయ్య ఉన్నాడు. చిన్నప్ప ఉన్నాడు. ఇద్దరి మధ్యా ఒక ఆకు ఉంది. దాని మీద ఏమీ లేదు.

బాలశౌరి ఆ ఆకు పట్టుకుని బయటికి వచ్చాడు. రాయప్ప గుడి మెట్ల మీద కూర్చుని వత్తుల కోసం నూలు పేనుతున్నాడు.

"అయ్యా, ఇన్నాసమ్మ ఎవరు?"

"గుళ్ళో అప్పాలు కాల్చే ఆమె. పూజలో స్వాములవారు పంచే గోధుమ అప్పాలు."

"ఆకుల్లో లేదు."

"ఎక్కడ చూశావు?"

"జోజయ్యకీ చిన్నప్పకీ మధ్య. అక్కడ ఆకు ఖాళీగా ఉంది."

"ఖాళీగానా?"

"అటూ ఇటూ తిప్పి చూశాను. ఈ రెండు కళ్ళతో చూశాను."

"ఓహో. కళ్ళతో చూశావా."

నూలు పేనడం ఆగలేదు. రాయప్పే మళ్ళీ అన్నాడు:

"అది కరువు ఏడు. చెట్టెక్కి ఆకు కొట్టే ఓపిక ఎవడికీ లేదు. ఆకుకి పన్నెండుమందిని ఇరికించి రాసిన రోజులు. అప్పుడు ఒక ఆకు ఖాళీగా వదిలేస్తారంటావా?"

"పొరపాటున కలిసుంటుంది."

"అంతే అయ్యుంటుంది," అన్నాడు రాయప్ప. పేనిన నూలు ఎండకెత్తి చూసుకున్నాడు.

బాలశౌరి లోపలికి వెళ్ళిపోయాడు. ముసలాయన మీద జాలేసింది. పాపం, నోట్లో పేరుంది, ఆకులో లేదు. వయసు మీద పడితే మనిషి లేనివాళ్ళని కూడా పిలుస్తాడు. నోట్లో ఉన్నది పుస్తకానికి ఎక్కదు కదా.

చదువుకున్నవాళ్ళకి ఇదొక జబ్బు. తమకు కనపడనిదాన్ని లేదనరు, 'పాపం' అంటారు.

జోజయ్య కిందే చిన్నప్ప పేరు రాసేశాడు. మధ్యలో వేలు పట్టే సందు కూడా లేదు. ఇక ఆ ఖాళీ ఆకు వృథా ఎందుకని, కాయితం మీద గీతలు గీయడానికి దాన్నే వాడుకున్నాడు. ఆకు తిన్నగా ఉంది, అంచు చక్కగా ఉంది. దాన్ని కాయితానికి ఆనించి పట్టుకుని, కలంతో గీత గీసి, కిందికి జరిపి, మళ్ళీ గీత. పుస్తకం నిండా అలాగే. పేజీకి ముప్పై గీతలు. నూరేళ్ళ పేర్లూ ఆ గీతల మీదే నిలబడ్డాయి.

ఆత్మల పండగ వచ్చింది.

ఆ పొద్దున ఏటి మీద నుంచి మంచు లేచి ఊళ్ళోకి నడిచొచ్చింది. ఇళ్ళు లేవు, చెట్లు లేవు. గంట మోగుతుంటే ఆ చప్పుడు పట్టుకుని జనం గుడికి చేరారు. తలుపులు తీసి ఉంటే మంచు కూడా వాళ్ళతో పాటు లోపలికొచ్చి వెనక వరసలో కూర్చుంది. ఎవరు ఉన్నవాళ్ళో, ఎవరు పోయినవాళ్ళో పోల్చుకోవడం కష్టంగా ఉంది.

వాకిట్లో ఆకుల పెట్టె. పెట్టెకి మోకు బిగించి ఉంది. చదవడం కాగానే ఇద్దరు మనుషులు దాన్ని ఏటికి మోసుకుపోవాలి.

ఆ ఏడు చదివింది బాలశౌరి. పుస్తకం తెల్లగా, బరువుగా ఉంది. గీతలకి వాడిన ఆకు గుర్తుగా అందులోనే పెట్టుకున్నాడు. రాయప్ప పీఠం పక్కన పీట మీద, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

పేరు వెంట పేరు. వత్తి వెంట వత్తి. ఇసక తొట్టిలో చిన్న చిన్న మంటలు మంచులో నానుతున్నట్టున్నాయి.

"జోజయ్య, వడ్రంగి."

జోజయ్య మనవడు వెళ్ళి కొవ్వొత్తి గుచ్చాడు. ఆడవాళ్ళ వరసలోంచి రోశమ్మ కొవ్వొత్తి పట్టుకుని లేచి నిలబడింది. ఆమెది మజ్జిగ అమ్ముకునే బతుకు. ఆమె నోటికి జడిసి పులి కూడా పక్కదోవ పడుతుందని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. ఏటేటా జోజయ్య పేరు రాగానే ఆమె లేస్తుంది. తను ఎదురుచూసే పేరు వచ్చేదాకా కూర్చుని ఆగలేక.

"చిన్నప్ప," అన్నాడు బాలశౌరి.

చిన్నప్ప కోడలు లేచింది. రోశమ్మని చూసి అక్కడే ఆగిపోయింది.

"అబ్బాయ్," అంది రోశమ్మ. "ఒకర్ని దాటేశావు."

"లేదమ్మా. వరసలోనే చదువుతున్నా."

"ఇన్నాసమ్మ ఏది?"

"పుస్తకంలో లేదు."

"ఎవరు రాశారు ఆ పుస్తకం?"

"నేనే."

"రాసింది నువ్వు, లేదనేదీ నువ్వే! దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది."

ఎవరో నవ్వబోయి మింగేశారు.

"ఆకుల్లో లేదమ్మా," అన్నాడు బాలశౌరి. "ఆకుల్లో లేనిది రాయకూడదని ఆజ్ఞ."

"నలభై ఏళ్ళుగా ఈ గుళ్ళో వింటున్నానే ఆ పేరు. గాల్లోంచి వచ్చిందా?"

బాలశౌరి రాయప్ప వైపు చూశాడు. రాయప్ప కొవ్వొత్తుల వైపు చూస్తున్నాడు.

"ఆమె మీకేమవుతుంది?"

"ఏమీ కాదు. నేనే ఆమెకి అవుతాను. నేను ఆమె పోసిన జావని."

మంచులో ఆమె గొంతు ఎక్కణ్ణుంచో వస్తున్నట్టుంది.

"అప్పటికి నాకు అయిదేళ్ళు. అమ్మా అయ్యా ఒక్క వారంలో పోయారు. ఈ గుడి అరుగు మీద పదకొండుమంది పిల్లలం పడి ఉన్నాం. ఎవరి బిడ్డలమో చెప్పేవాళ్ళు కూడా లేరు. గుళ్ళో ఒక కుండ గోధుమపిండి ఉంది. పడవ మీద తెప్పించిన పిండి, పూజ అప్పాలకి. స్వాములవారు వచ్చి ఏడాదైంది. పూజ లేదు. పిండి మాత్రం భద్రంగా తాళంలో ఉంది. తాళంచెవి అప్పాలు కాల్చేదాని నడుముకి ఉంది. ఇంకేం చెప్పమంటావు? ఎన్నాళ్ళు చూస్తుంది? తీసింది. కాచింది. పోసింది. పెద్దమనుషులు పరిగెత్తుకొచ్చారు. 'దేవుడి పిండి ఎవరికి పోశావే?' అన్నారు. 'దేవుడికే పోశాను. పదకొండు నోళ్ళతో తాగాడు' అంది. నేను విన్నాను. నా మూతికి ఇంకా జావ ఉంది."

ఊపిరి తీసుకుంది.

"ఆమె పోతే గుడి దొడ్లో చోటివ్వలేదు. ఏటిగట్టున పూడ్చారు. మరుసటేడు వరదకి గట్టే పోయింది. సమాధి లేదు, శిలువ లేదు, ఎముక లేదు. ఉన్నదల్లా ఏడాదికొక్కసారి ఈ గుళ్ళో పలికే పేరు. అదీ తీసేశావు. ఆ ఆకులు ఏట్లో కలిశాక నేనెవర్ని అడగను?"

బాలశౌరి పుస్తకం మీద అరచెయ్యి ఆనించాడు.

"నాకూ కష్టంగానే ఉందమ్మా. కానీ జాలిపడి రాస్తే అది దాఖలా కాదు. రేపు ఎవరైనా 'ఆకు చూపించు' అంటే ఏం చూపిస్తాను?"

"నీ జాలి ఎవడడిగాడు?" అంది రోశమ్మ. ఆ మాట మాత్రం అరవలేదు.

రాయప్ప పీట మీంచి లేచాడు. మోకాళ్ళు చప్పుడు చేశాయి.

"బాలశౌరీ, గీతలకి వాడావే, ఆ ఆకు ఉందా?"

బాలశౌరి పుస్తకంలోంచి తీసిచ్చాడు. ఒక అంచంతా సిరా మరకలు.

"అమ్మా రోశమ్మా, ఆ వత్తి ఇలా ఇవ్వు."

రాయప్ప దాన్ని జోజయ్య కొవ్వొత్తి దగ్గర వెలిగించాడు.

"పేరు రాకుండా వెలిగించకూడదు కదా ఉపదేశిగారూ," అన్నారు మగవాళ్ళ వరసలో ఎవరో. ఆ నలుగురిలో ఒకడి మనవడు.

"వస్తోంది," అన్నాడు రాయప్ప.

సాంబ్రాణికి నిప్పులు తెచ్చే పెంకు ఒకటి పీఠం కింద ఉంది. దాన్ని తీసి కొవ్వొత్తి మంట మీద బోర్లించి పట్టుకున్నాడు. మంట పెంకుని నాకింది. పొగ అటూ ఇటూ పోబోయి, దారి లేక అక్కడే చుట్టుకుంది. ఆయన తొందరపడలేదు. జనం కూడా పడలేదు. మంచు గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ లోపలికి తిరిగింది. పెంకు లోపల నల్లటి మసి, వెంట్రుక మందాన, ఆ తర్వాత గోటి మందాన పేరుకుంది.

దీపం కుందిలోంచి ఒక్క బొట్టు ఆముదం తీసి మసిలో కలిపాడు. బాలశౌరి కుడిచెయ్యి పట్టుకుని, బొటనవేలు అందులో ముంచాడు. ఇనప కలం పట్టే వేలు. ఆకు అతని ఎడమచేతిలో పెట్టాడు.

"పూయి."

బాలశౌరి పూశాడు. ఆకు ఈ కొస నుంచి ఆ కొసకి నల్లబడిపోయింది. వేలి కింద ఏదో గరగరమంది. సన్నగా, ఇసక మీద చీమ నడిచినట్టు. అతని చెయ్యి ఆగింది. మళ్ళీ పూశాడు. ఈసారి మెల్లగా.

ఆ గరగర ఆకు పొడవునా ఉంది.

"ఇప్పుడు తుడువు," అన్నాడు రాయప్ప. భుజం మీది కండువా కొస అందించాడు.

తుడిచాడు. ఆకు మీది నలుపు కండువాకి వచ్చేసింది. గంటం గీసిన గాట్లలో దిగిన నలుపు మాత్రం రాలేదు. ముందు ఒక తలకట్టు కనపడింది. పక్కన ఒక సున్నా. ఒక కొమ్ము. పొద్దున్నే మంచు విడిపోతుంటే ఊళ్ళో ఇళ్ళు ఒక్కొక్కటే వచ్చి తమ చోట నిలబడినట్టు, అక్షరాలు ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి.

బాలశౌరి ఆకుని కొవ్వొత్తి వెలుగులోకి దించాడు.

"ఎవరు రాశారు?" అన్నాడు.

"మా గురువు, నాకు ముందు ఉపదేశి. రాయనని శిలువ ముట్టుకుని ప్రమాణం చెయ్యమన్నారు పెద్దమనుషులు. 'ఏ కంటికీ కనపడేట్టు రాయను' అని చేశాడు. మాట తప్పే మనిషి కాదు. ఆకు ముందర పెట్టుకుని, గంటంతో గీసి, మసి పూయకుండా వరసలో గుచ్చేశాడు. గుచ్చే ముందు నా వేలు పట్టుకుని ఒక్కసారి దాని మీద నడిపించాడు."

"మరి ఆ పెద్దమనుషులంతా పోయాక? ఇన్నేళ్ళూ మీరు మసి ఎందుకు పూయలేదు?"

"నేను చదువుతున్నాగా," అన్నాడు రాయప్ప.

వెళ్ళి తన పీట మీద కూర్చున్నాడు.

బాలశౌరి పుస్తకం మూశాడు. గుమ్మం దాకా నడిచి, వాకిట్లో పెట్టెకి బిగించిన మోకు విప్పాడు. ముడి గట్టిగా ఉంది. మసి వేలితో విప్పేసరికి తాడంతా నల్లబడింది. మోసుకుపోవాల్సిన ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, గోడవారగా కూర్చున్నారు.

తిరిగొచ్చి ఆకు రెండు చేతులా పట్టుకున్నాడు. రోశమ్మ ఇంకా నిలబడే ఉంది. ఆమె కొవ్వొత్తి పెంకు పక్కన నేల మీద వెలుగుతోంది. చిన్నప్ప కోడలు వంగి, దాన్ని తీసి ఆమె చేతికిచ్చింది.

"చదువు అబ్బాయ్," అంది రోశమ్మ.

బాలశౌరి చదివాడు. కళ్ళు మూసుకుని, బొటనవేలు ముందుకు జరుపుకుంటూ చదివాడు.

"ఇన్నాసమ్మ. అప్పములు కాల్చునది. గుడి గోధుమపిండి జావ కాచి పదకొండుగురు బిడ్డలకు పోసినది. తాను త్రాగలేదు. నందన నామ సంవత్సరం, మాఘ బహుళ పంచమి, శనివారం."